తిప్పిన పేగు

ఆసుపత్రి మూడో అంతస్తు. కిటికీ పక్క మంచం మీద, డయాలిసిస్ మిషను దగ్గర్నుంచి అప్పుడే తీసుకొచ్చి పడుకోబెట్టిన కూతురు. పని బట్టల్లోనే వచ్చిన తండ్రి.

"ఆ కుర్చీ ఇటు లాక్కో నాన్నా. అంత దూరం కూర్చుంటే గట్టిగా మాట్లాడాల్సి వస్తోంది. మెడలో గొట్టం లాగుతోంది."

"లాక్కున్నాను. చెప్పు."

"చెప్పాల్సింది నువ్వు. మధ్యలో ఆపేశావు. డాక్టరమ్మ ఏమందని?"

"కొత్తగా ఏముంటుంది. పాతదే. ఆ ఆపరేషన్‌ని వెనక్కి తిప్పించమంది."

"నేను వద్దన్నానని చెప్పలేదా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఇంకోసారి అడిగి చూడమంది."

"అడిగావు. వద్దన్నాను. అయిపోయింది. అదేంటి? చొక్కా అంతా తడిసింది."

"చెమట. ఇక్కడ లిఫ్టు ఆగిపోయింది. మెట్లెక్కి వచ్చాను."

"ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషివి, మెట్లెక్కి వచ్చావా?"

"ఇది వేరే కంపెనీ వాళ్ళది. నేను చెయ్యి పెడితే గొడవవుతుంది."

"చెయ్యి పెట్టలేదు సరే. దాని ముందు ఎంతసేపు నిలబడ్డావు?"

"కాసేపే."

"నాకు తెలుసు. తలుపు సందులోంచి చూసి కూడా ఉంటావు."

"తాడు బాగానే ఉంది. తలుపు దగ్గరే ఏదో పట్టేసింది. చిట్టీ, ఒక్కసారి నా మాట విను."

"ఆ పేరుతో పిలవకు. నర్సు వింటే నవ్వుతుంది."

"ఎందుకు నవ్వుతుంది? ఇప్పుడు సన్నగానే ఉన్నావుగా."

"అంటే అప్పుడు నవ్వేవాళ్ళని నీకు తెలుసన్నమాట."

"మీ అమ్మ పెట్టిన పేరమ్మా అది. పుట్టినప్పుడు నా రెండు అరచేతుల్లో పట్టావు."

"ఆ తర్వాత ఎందులోనూ పట్టలేదు. స్కూలు బెంచీలో పట్టలేదు. ఆటోలో నా పక్కన ఇంకొకరు పట్టలేదు. నీ లిఫ్టులోనూ పట్టలేదు. గుర్తుందా?"

"ఏ లిఫ్టు?"

"తెలియనట్టు అడక్కు. ఆరో క్లాసులో నన్ను నీ పనికి తీసుకెళ్ళావు, ఆ పెద్ద బిల్డింగుకి. మనం ఎక్కాక గంట మోగింది. బరువెక్కువైందని. లోపల ఎంతమంది ఉన్నా అందరూ నావైపే చూశారు. చివరగా ఎక్కింది ఎవరో లావాటాయన. ఆయన్ని ఒక్కరూ చూడలేదు."

"దిగేశావు కదా నువ్వు. ఎవరూ దిగమనకుండానే."

"నువ్వూ దిగావు. దిగి ఏమన్నావు? మెట్లెక్కితే ఒంటికి మంచిదే అన్నావు."

"నాకూ మంచిదనే అన్నానమ్మా. నా పొట్ట చూసుకుని అన్నాను."

"ఏమో. నాకు మాత్రం నా గురించే అన్నట్టు వినపడింది. ఇప్పటిదాకా అలాగే వినపడుతోంది."

"మనం దిగాక కూడా ఆ గంట మోగింది, తెలుసా? ఆ మీటరే తప్పు చూపిస్తోంది. అది సరిచేయడానికే నన్ను పిలిచారు."

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్పానే."

"చెప్పలేదు నాన్నా."

"చెప్పాననుకున్నాను."

"సర్లే. వదిలెయ్. వెనక్కి తిప్పడం గురించి మాత్రం మళ్ళీ ఎత్తకు. నేనేం సరదాకి చేయించుకున్నానా ఆ ఆపరేషన్? అందంగా కనపడాలనా?"

"నేనెప్పుడన్నాను అలాగని?"

"అత్త అంది. నిన్న ఫోన్‌లో. చక్కగా ఉన్న పొట్టని కోయించుకుందని, చేజేతులా తెచ్చుకుందని. స్పీకర్ ఆన్‌లో ఉందని మర్చిపోయావు."

"దాని నోరు సంగతి నీకు కొత్తా?"

"నేను అమ్మ కోసం చేయించుకున్నాను. అమ్మకి షుగరొచ్చింది, తర్వాత కాళ్ళ వాపులు, తర్వాత ఈ మిషను. ఇదే ఆసుపత్రి, పై అంతస్తులో, ఆ చివరి గదిలో. నేను హోంవర్కు అక్కడే చేసుకునేదాన్ని. నాకు షుగరొచ్చింది అమ్మకొచ్చిన వయసు కంటే ముందే. మూత్రంలో ప్రోటీన్ పోతోందన్న రోజు నాకు అమ్మ కాళ్ళే కనపడ్డాయి. నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయే కాళ్ళు."

"తెలుసమ్మా."

"అప్పుడు కిడ్నీల డాక్టరే చెప్పాడు, ఇంత చిన్న వయసులో ఇంత బరువు మీద మందులు ఎంతకాలం లాగుతాయి, బరువు తగ్గిస్తే కిడ్నీలు నిలబడతాయి, ఈ ఆపరేషన్ ఆలోచించుకో అని. పొట్టని గుప్పెడంత చేసి, పేగుని కిందకి మలిపి అతికిస్తారని బొమ్మ గీసి చూపించాడు. నువ్వూ ఉన్నావు."

"ఉన్నాను. ఆయన అన్నట్టే జరిగింది కూడా. షుగర్ మాత్రలు ఆపేశారు. బీపీ దిగింది. ఆ ప్రోటీన్ పోవడం కూడా ఆగిపోయింది. నేను కాదనట్లేదు."

"మరి?"

"మరి తర్వాతది కూడా ఒప్పుకో. నువ్వు సగమే చెప్తావెప్పుడూ."

"తర్వాతది ఏముంది. నా తలరాత."

"తలరాత కాదు. నీళ్ళు తాగలేదు. రోజంతా గుక్క గుక్కగా తాగుతూనే ఉండమన్నారు కదా? నేను సీసా కొనిచ్చాను కూడా."

"ఆ సీసా కొట్టులో కౌంటర్ కింద పెట్టుకున్నాను. నీకేం తెలుసు నాన్నా. ఆపరేషన్ అయ్యాక ఏ కాస్త నూనె ఉన్నది తిన్నా పరుగే. కొట్టు మొత్తానికి ఒకటే బాత్‌రూమ్, వెనక సందులో. కళ్ళజోళ్ళ కొట్టు, పెద్ద పెద్దవాళ్ళు వస్తారు. ఒకాయన మొహానికి ఫ్రేము పెట్టి కొలత చూస్తూ మధ్యలో ఇప్పుడే వస్తానండీ అని పరిగెత్తాలి. రెండుసార్లు అయ్యేసరికి యజమాని అడిగాడు, ఏంటి ఒంట్లో బాగాలేదా, మళ్ళీ వెనక గదిలో అద్దాల పనికి వెళ్ళిపోతావా అని. ఆ రోజు నుంచి నీళ్ళు తగ్గించేశాను."

"ఈ సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదు."

"విరేచనాల సంగతి నాన్నతో చెప్పుకుంటారా ఎవరైనా?"

"ఎవరితో చెప్పుకోవాలి మరి? ఇంట్లో ఉన్నది మనిద్దరం."

"అందుకే ఎవరితోనూ చెప్పలేదు."

"ఆ కాల్షియం మాత్రలు?"

"అన్నంతోపాటు వేసుకోమన్నారు. గొంతులో అడ్డం పడేవి. ఉన్న గుప్పెడు పొట్టలో అన్నమా, మాత్రలా? మానేశాను. ఏటా పరీక్షలకి రమ్మని ఫోన్ చేసేవాళ్ళు. బాగున్నదాన్ని ఎందుకెళ్ళాలి అనుకున్నాను. ఇంకా బాగుండాలని పొద్దున్నే పాలకూర రసం, మధ్యాహ్నం గుప్పెడు బాదం. ఫోన్‌లో ఒకావిడ చెప్తే."

"నేనే కదా తెచ్చిపెట్టేవాణ్ణి, పాలకూర."

"నీకేం తెలుసు. నాకేం తెలుసు. డాక్టరమ్మ చెప్పింది, పేగు మలిపాక నూనె సరిగా అరగదట, అరగని నూనె కాల్షియాన్ని పట్టుకుపోతుందట. దాంతో పాలకూరలోదీ బాదంలోదీ ఏదో ఉప్పులాంటిది బయటికి పోకుండా రక్తంలోకి వెళ్ళి, కిడ్నీల్లో కూర్చుంటుందట. చిన్న చిన్న పలుకులు. నాకు వెంటనే అర్థమైంది. వెనక గదిలో అద్దాలు అరగదీసేటప్పుడు పొడి అలాగే పేరుకునేది, కాలవ గొట్టంలో. నీళ్ళు సరిగ్గా వదలకపోతే గట్టిపడి సిమెంటయిపోయేది."

"రాయి పడినప్పుడైనా చెప్పాల్సింది."

"నీకెవరు చెప్పారు, రాయి పడిందని?"

"స్కానులో గుర్తులున్నాయట. డాక్టరమ్మ అడిగింది, ఎప్పుడైనా నొప్పితో మెలికలు తిరిగిందా అని. నేను లేదండీ అన్నాను. ఒకే ఇంట్లో ఉంటారా అని అడిగింది."

"నువ్వు ఆ వారం పొరుగూరు పనికెళ్ళావు. నొప్పి మాత్రలు వేసుకుని కొట్టుకెళ్ళాను. ఆ మాత్రలూ మంచివి కావట కిడ్నీలకి. అన్నీ కలిసొచ్చాయి."

"అందరికీ ఇలాగే అవుతుందా అని అడిగాను. కాదంది. చాలామందికి కిడ్నీలకి మేలే జరుగుతుందట. ఏ కొందరికో ఇలా తిరగబడుతుందట."

"ఆ కొందరిలో నన్నెవరు వేశారో కనుక్కోలేకపోయావా?"

"కనుక్కుంటే వాడి లిఫ్టు తాడు కోసి వచ్చేవాణ్ణి."

"నవ్వించకు. గొట్టం లాగుతోంది."

"అమ్మా, లేవండి, తూకం చూడాలి. మిషను తర్వాత బరువు రాసుకోలేదు."

"ఇప్పుడేనా సిస్టర్?"

"ఇప్పుడే. ఎంత నీరు తీశామో తెలియాలి కదా. అయ్యగారూ, కాస్త ఆ భుజం పట్టుకోండి. ఆ, ఎక్కండి. చేతులు వదిలేయండి."

"పైకి చదవకండి."

"నేను రాసుకుంటాను అంతే. దిగండి. నీరు బాగానే దిగింది. ఇదిగో, రేపటిదాకా తాగడానికి ఈ సీసాలో ఉన్నదే. అందులో సగం ఇప్పటికే అయిపోయింది. అయ్యగారూ, మీరు జాలిపడి పోయకండి."

"పొయ్యనమ్మా."

"నిన్న పోశారు."

"నిన్న దాహం దాహం అని ఏడ్చింది."

"అలా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత మీరిద్దరూ ఏడవాలి. వస్తాను."

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది. పడుకో."

"చూశావా నాన్నా. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పెట్టె ఎక్కడమే నా పని. స్కూల్లో ఎక్కించారు, ఆపరేషన్‌కి ముందు ఎక్కించారు, ఇప్పుడు మిషనుకి ముందోసారి, తర్వాతోసారి. పోయేటప్పుడు కూడా తూచే పంపిస్తారు."

"ఆ మాటలొద్దు."

"సరే, మాట్లాడను."

"ఇలా చూడు. వెనక్కి తిప్పడం అంటే పొట్టనీ పేగునీ మళ్ళీ మొదట్లో ఉన్నట్టు కలపడం. మొదటిదానికంటే పెద్ద ఆపరేషనే, దాచను. డాక్టరమ్మ అన్నీ చెప్పింది. బరువు వస్తుంది, షుగర్ కూడా తిరిగి రావచ్చు. కానీ కిడ్నీ నిలవాలంటే ఆ పేగు సరికావాలి. ఆ ఉప్పేదో రక్తంలోకి రావడం ఆగాలి. వేరే దారి లేదంది."

"బరువు వస్తుంది అని ఎంత తేలిగ్గా అనేశావు."

"తేలికని కాదు."

"నీకు తెలియదు నాన్నా. ఆ కొట్టులో రెండేళ్ళు వెనక గదిలో పనిచేశాను. కిటికీ ఉండదు. మిషను రొద, తడి పొడి. కళ్ళు పరీక్ష చేసే అతను ఉన్నాడని చెప్పాను కదా. నేను అరగదీసిన అద్దాలు రోజూ అతని బల్ల మీదకే వెళ్ళేవి. టీ దగ్గర పక్కపక్కనే నిలబడేవాళ్ళం. ఆపరేషన్ అయ్యి, సన్నబడి, ముందు కౌంటర్‌కి వచ్చిన రోజు అతను నా దగ్గరికొచ్చి, కొత్తగా చేరారా అని అడిగాడు."

"అలాంటివాడితో నీకేం పని?"

"అందరూ అలాంటివాళ్ళే. అతనొక్కడే అడిగాడు, మిగతావాళ్ళు అనుకుని ఊరుకున్నారు. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఔనండీ, కొత్తే, అన్నాను. ఆ మాట ఎంత బాగుందో తెలుసా, అంటుంటే."

"ఇప్పుడు ఫోన్ చేస్తున్నాడా?"

"మెసేజ్ పెడతాడు. జ్వరమని చెప్పాను. చూడ్డానికొస్తానంటే వద్దన్నాను. ఈ వాచిన మొహం చూస్తే మళ్ళీ కొత్తగా చేరారా అంటాడు."

"చిట్టీ."

"నువ్వు మాత్రం? నీ పర్సులో నా పాత ఫొటో తీసెయ్యమన్నాను. తీశావా?"

"తీశాననే చెప్పాను కదా."

"తీశావా అని అడిగాను."

"ఆ ఫొటోలో ఉన్నది నా కూతురే. కొత్తగా చేరిన మనిషి కాదు."

"నాకు ఆ పిల్ల వద్దు నాన్నా. ఎంత కష్టపడి వదిలించుకున్నానో నీకు తెలియదు. అది మళ్ళీ వచ్చి నామీద కూర్చోవడం కంటే ఈ మిషనే నయం."

"మిషను నయమని నువ్వనకు. మీ అమ్మ ఎన్నాళ్ళు లాగిందో నువ్వు చూశావు."

"చూశాను. అమ్మ ఒక్కసారి కూడా నన్ను తిండి గురించి ఏమీ అనలేదు. మిషను మీద పడుకుని, నాకు పెట్టారా లేదా అని అడిగేది."

"ఆవిడ ఉంటే ఈపాటికి నిన్ను ఒప్పించేది. నాకు చేతకావడం లేదు."

"అలా మొహం పెట్టకు."

"ఎలా పెట్టను? ఇంటికెళ్తే నీ చెప్పులు గుమ్మంలోనే ఉంటాయి. అవి దాటుకుని లోపలికి వెళ్ళి దీపం వెయ్యాలంటే కాళ్ళు రావడం లేదు. నువ్వు ఏ బరువులో ఉంటావో నాకు అక్కర్లేదు. ఆ చెప్పులు వేసుకుని తిరిగే మనిషి ఇంట్లో ఉంటే చాలు."

"ఆ చెప్పులు తీసి పక్కన పెట్టుకోవచ్చుగా."

"కిటికీ మూయనా? ఎండ మొహం మీద పడుతోంది."

"వద్దు. ఆ సీసా ఇటివ్వు."

"ఇందాకే తాగావు."

"ఒక గుక్క. నాలిక అట్టకట్టుకుపోయింది."

"ఇదిగో. ఒక్కటే."

"చాలు. తీసుకో. నాన్నా, నేను నిండు గ్లాసు నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చప్పరించడమే. గబుక్కున తాగితే గుండెల్లో పట్టేసేది. తాగగలిగినన్నాళ్ళు బాత్‌రూమ్‌కి భయపడి తాగలేదు. ఇప్పుడు ఒళ్ళంతా దాహమే, కొలిచి ఇస్తున్నారు. రాత్రి కలలో కూడా నీళ్ళే. మన పాత ఇంట్లో పెరటి కుళాయి కింద నోరు పెట్టి తాగుతున్నాను. మెడ మీదుగా కారిపోతోంది, గౌను తడిసిపోతోంది, నువ్వు తిడుతున్నావు."

"తిట్టేవాణ్ణి. జలుబు చేస్తుందని."

"వెనక్కి తిప్పితే తాగొచ్చా?"

"తాగొచ్చు."

"నిండు గ్లాసు?"

"నిండు గ్లాసు. డాక్టరమ్మని అడిగి మరీ చెప్తున్నాను, అంతా కుదురుకున్నాక ఎంత తాగితే అంత మంచిదంది. చెంబుతో తాగు."

"ఆగకుండా?"

"ఆగకుండా."

"అయితే సరే."

"ఏం సరే?"

"తిప్పించుకుంటాను. డాక్టరమ్మకి చెప్పు."

"నిజంగానేనా?"

"మళ్ళీ అడిగితే మనసు మార్చుకుంటాను. లావైతే అవుతాను. వెనక గదిలోకి పొమ్మంటే పోతాను. అక్కడ కనీసం బాత్‌రూమ్ దగ్గర."

"నా తల్లే."

"ఏడవకు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు. ఇదిగో, ఈ దుప్పటి అంచుతో తుడుచుకో. ఇప్పుడు చెప్పు, పేగు కలిపాక ఎన్నాళ్ళకి నా కిడ్నీలు దారిలో పడతాయి? మిషను ఎప్పుడు ఆపేస్తారు?"

"ముందు ఆపరేషన్ కానీ."

"అదెలాగూ అవుతుంది. ఎన్నాళ్ళకి అని అడుగుతున్నాను."

"దిండు సరిచెయ్యనా?"

"దిండు బాగానే ఉంది. నాన్నా, నావైపు చూసి చెప్పు."

"ఆపరు."

"ఏంటి ఆపరు?"

"మిషను. దానంతట అది ఆగదు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు కదా. నిన్న నువ్వు మిషను మీద ఉన్నప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచింది. రెండూ లోపలంతా గట్టిపడిపోయాయట. నీకు తనే చెప్తానంది. నేను చెప్తానని బతిమాలుకున్నాను."

"ఇప్పుడు పేగు కలిపినా?"

"కలిపినా అవి రావు."

"మరి ఇంతసేపు ఎందుకు అడిగావు నన్ను? రానివాటి కోసం మళ్ళీ కోయించుకోమంటావా? కిడ్నీ నిలవాలి, కిడ్నీ నిలవాలి అన్నది నువ్వే కదా?"

"నేనే అన్నాను. నీది అనలేదు."

"అంటే?"

"పేగు ఇలాగే ఉంటే ఇంకొకరి కిడ్నీ తెచ్చిపెట్టినా దాన్ని కూడా తినేస్తుందట, అది సరిచేస్తేనే పెడతామన్నారు. ముందే చెబితే నువ్వు ఒప్పుకునేదానివి కాదు. ముక్క పరీక్షకి పంపినప్పుడే నాకు అనుమానం వచ్చి, పొరుగూరు పని మీద వెళ్తున్నానని చెప్పి పోయిన వారమంతా కింద అంతస్తులో పరీక్షలు చేయించుకున్నాను. నాది నీకు సరిపోయింది."